తొమ్మిది గజాలు దేనివి?

1908 జూన్ నెల. అమెరికాలో ఇండియానా రాష్ట్రం దక్షిణ భాగంలో మిచెల్ అనే చిన్న ఊరు. ఆ ఊరి పత్రిక పేరు ‘మిచెల్ కమర్షియల్’. ఊరి కబుర్ల మధ్య అందులో రాస్కో అనే ఆసామి గురించి రెండు వాక్యాలు పడ్డాయి. ఆయన చేపలు పట్టడానికి వెళ్ళొచ్చాడు, చెప్పుకోవడానికి పెద్ద కథే ఉంది. అదంతా ఆయన దించుతుంటే నిలబడి వినడం మావల్ల కాదు, ఎప్పుడో ఒకరోజు సంగతి తెలియనివాడు ఎవడో చేతికి చిక్కుతాడు, వాడికి ఆ తొమ్మిది గజాలూ వినిపిస్తాడు అని రాశారు.

దేని తొమ్మిది గజాలు? పత్రిక చెప్పలేదు. విడమరిచి చెప్పాల్సిన మాటగా రాసినవారికి తోచలేదు. ఆ ప్రశ్న గట్టిగా వినబడడానికి మరో యాభై అరవై ఏళ్ళు పట్టింది. వినబడ్డాక మాత్రం, ఇంగ్లిష్ నుడికారాల్లో ఇంతమందిని ఇంతకాలం వేధించిన ప్రశ్న ఇంకొకటి ఉందా అనిపించేంతగా పెరిగింది.

‘ద హోల్ నైన్ యార్డ్స్’ అంటే మొత్తం, అంతా, ఏదీ మిగలకుండా అని అర్థం. పెళ్ళికి మండపం, సన్నాయి మేళం, మూడు పూటలా విందు, డ్రోన్ కెమెరా, అమ్మాయి వెంట పంపే సారె వరకు దేనికీ లోటు రానివ్వలేదనుకోండి, ఇంగ్లిష్‌లో ఆ ఏర్పాట్లన్నిటినీ ఈ మాటతో చుట్టేస్తారు. పనిని సగంలో వదలకుండా అంతు చూసేవారి గురించి చెప్పేటప్పుడు ముందు ‘గో’ చేరుస్తారు. తెలుగులో దీనికి ఒక్క మాట అన్నిచోట్లా పనికిరాదు, సందర్భాన్ని బట్టి మారుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పడమైతే పూసగుచ్చినట్టు చెప్పాడంటాం. పుస్తకమైతే ఆమూలాగ్రం చదివాడంటాం. పెళ్ళయితే సకల లాంఛనాలతో చేశారంటాం. వీటిలో ‘పూసగుచ్చినట్టు’ అన్నదే దీనికి అన్నిటికంటే దగ్గర. అలా ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

అర్థంతో చిక్కు లేదు. చిక్కంతా ఆ తొమ్మిదితోనే. మాటలో అంకె కనబడిందంటే దాని వెనక ఒక కొలత ఉండాలనీ, కొలిచిన వస్తువు ఒకటి ఉండాలనీ మనసు పట్టుబడుతుంది. ఆ వస్తువును వెతికే పనిలో ఇంగ్లిష్ మాట్లాడే ప్రపంచం పదుల కొద్దీ కథలు అల్లింది. వాటిలో ఒకటి మన ఇళ్ళ దండేల మీద ఆరేసినది కూడా.

అది చీర కథ. తొమ్మిది గజాల చీర కట్టడమంటే సంప్రదాయం మొత్తం పాటించడమనీ, భారతదేశంలో ఉన్న ఇంగ్లిష్ వాళ్ళు ఆ మాట పట్టుకుపోయారనీ చెబుతారు. వినడానికి ఎంత ఇంపుగా ఉంటుందో! తెలుగిళ్ళలో కచ్చపోసి కట్టే మడిచీర, మరాఠీల నౌవారీ, తమిళుల మడిసారు, అన్నీ తొమ్మిది గజాల లెక్కవే. మామూలు చీర ఆరు గజాలు, అంటే సుమారు ఐదున్నర మీటర్లు. తొమ్మిది గజాలైతే ఎనిమిది మీటర్లు దాటుతుంది. కుచ్చిళ్ళు పోసి, వెనక్కి తీసి కచ్చ దోపి, పైట వేసేసరికి అంత పొడవూ చెల్లిపోతుంది. కొంగు మిగిలితే నడుముకు చుట్టాల్సిందే. ఆ కట్టు దగ్గరగా చూసినవారికి ‘మొత్తం తొమ్మిది గజాలు’ అన్న మాట అక్కడ పుట్టి ఉంటుందని అనిపించడంలో తప్పేమీ లేదు. అనిపించడం, కావడం మాత్రం ఒకటి కాదు.

అమెరికాలో ఎక్కువ ప్రచారంలో ఉన్నది యుద్ధవిమానాల కథ. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల మెషిన్‌గన్లకు అమర్చే తూటాల పట్టీ 27 అడుగులు ఉండేదట, అంటే తొమ్మిది గజాలు. శత్రువు మీద పట్టీ అంతా కాల్చేసి వస్తే ‘తొమ్మిది గజాలూ ఇచ్చాం’ అనేవారట. ఈ కథలో ధైర్యం ఉంది, వాసన ఉంది, చప్పుడు ఉంది. అందుకే అంత బాగా అతుక్కుంది. అయితే తూటాలను సైన్యంలో గజాల్లో కొలవరు, లెక్కపెడతారు. గన్నుకు ఇన్ని రౌండ్లు అంటారు. పట్టీ పొడవు కూడా విమానాన్ని బట్టి, గన్ను రకాన్ని బట్టి మారేది. ఆ యుద్ధం గురించి సైనికులు రాసిన ఉత్తరాలు, జ్ఞాపకాలు, విలేఖరుల నివేదికలు కొండలా పేరుకుని ఉన్నాయి. యుద్ధం జరిగిన ఏళ్ళలో రాసిన ఏ కాగితంలోనూ ఈ మాట ఈ అర్థంతో దొరకలేదు. పైలట్ల నోట అంతగా నలిగిన మాటే అయితే ఒక్క ఉత్తరంలోనైనా జారిపడి ఉండాలి.

ఇంకొకటి కాంక్రీటు ట్రక్కు కథ. అమెరికాలో కాంక్రీటును ఇప్పటికీ ఘనపు గజాల్లోనే కొంటారు, వాడుకలో దాన్ని ఉట్టి ‘యార్డ్’ అనేస్తారు. కలుపుతూ తెచ్చే ట్రక్కు డ్రమ్ములో తొమ్మిది గజాలు పడతాయి, పునాదికి మొత్తం ఒంపేస్తే అదే హోల్ నైన్ యార్డ్స్ అన్నమాట. న్యూయార్క్ టైమ్స్‌లో ఏళ్ళ తరబడి భాష మీద శీర్షిక నడిపిన విలియం సఫైర్ ఈ మాట వెంటపడి పాఠకులను పదే పదే అడిగాడు. సంచుల కొద్దీ జవాబులు వచ్చాయి. వాటిలో కాంక్రీటుకు గట్టి మద్దతు దొరికింది. కానీ 1960ల్లో, అంటే ఈ మాట ఊపందుకున్న కాలంలో, మామూలు ట్రక్కుల డ్రమ్ములు అంతకంటే చిన్నవి. అసలు రాస్కో చేపల వేటకు వెళ్ళిన నాటికి కాంక్రీటు కలుపుతూ పరుగెత్తే ట్రక్కే పుట్టలేదు.

మిగతా కథలు త్వరగానే తేలిపోతాయి. మూడు కొయ్యల ఓడలో ఒక్కో కొయ్యకు తెరచాప కట్టే అడ్డకొయ్యలు మూడేసి చొప్పున తొమ్మిది, వాటినీ ఇంగ్లిష్‌లో యార్డ్స్ అనే అంటారు. మొత్తం విప్పితే పూర్తి వేగం అన్నది ఒక కథ. పెద్ద ఓడలకు కొయ్యకు మూడు కంటే ఎక్కువే ఉండేవి, నావికుల రాతల్లో ఈ మాట జాడ లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ కథ ఇంకా బలహీనం, ఎందుకంటే అక్కడ బంతిని ముందుకు తీసుకెళ్ళాల్సింది పది గజాలు, తొమ్మిది దగ్గర ఆగితే దక్కేదేమీ లేదు. స్కాట్లండ్ మగవాళ్ళు కట్టే కిల్ట్ అనే కుచ్చిళ్ళ పావడా, పెళ్ళికూతురి మేలిముసుగు, శవం మీద కప్పే గుడ్డ, పెద్దమనుషుల సూటు గుడ్డ, అన్నిటికీ తొమ్మిదే గజాలు పట్టాయని చెప్పేవాళ్ళున్నారు. దర్జీ దర్జీ కథ చెబుతాడు, పైలట్ పైలట్ కథ చెబుతాడు, మేస్త్రి మేస్త్రి కథ చెబుతాడు. ఎవరి పనిలో వాళ్ళకు తొమ్మిది గజాలు దొరుకుతాయి.

ఈ కథలన్నిటికీ ఉన్న లోపం ఒకటే. ఏ కథకూ తేదీ లేదు. ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరంలో రాశారు అని అడిగితే ‘మా తాత చెప్పేవాడు’ దగ్గర ఆగిపోతుంది. తాతలు అబద్ధాలు ఆడతారని కాదు. జ్ఞాపకం తనకు నచ్చిన చోట ముడి వేసుకుంటుంది. ఒక మాట 1965లో విన్నవాళ్ళు, ఇరవై ఏళ్ళు గడిచాక, అది 1944లో విన్నట్టే మనస్ఫూర్తిగా నమ్మగలరు. అందుకే నుడికారాల పుట్టుక తేల్చేవారు జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకోరు, తేదీ ఉన్న కాగితాన్ని తీసుకుంటారు. ఫోన్లో రోజూ వచ్చిపడే ‘ఈ సామెత వెనక కథ మీకు తెలుసా’ రకం సందేశాలకు కూడా ఇదే గీటురాయి. సంవత్సరం చెప్పలేని కథను ముందుకు పంపకుండా ఆపేయొచ్చు.

కాగితం దారి చాలాకాలం 1967 దగ్గరే మూసుకుపోయి ఉండేది. వియత్నాం యుద్ధంలోని అమెరికన్ వైమానిక దళం మీద ఆ ఏడాది వచ్చిన ఒక పుస్తకంలో ఈ మాట ఉంది. విమానాల కథను అంతగా నమ్మడానికి అదొక కారణం. తర్వాత 1964 నాటి ఒక పత్రికా వ్యాసం బయటపడింది. అంతరిక్ష కార్యక్రమంలో పనిచేసేవాళ్ళ యాస గురించిన వ్యాసమది. ఏ పని గురించైనా ఒక్కో అంశం వరుసగా అప్పజెప్పే నివేదికను వాళ్ళు తొమ్మిది గజాలూ ఇవ్వడం అంటారని అందులో వివరించారు. ఒక్కో అంశం వరుసగా, అంటే పూసగుచ్చినట్టే.

ఈ వెతుకులాటలో ముందు చెప్పుకోవాల్సిన పేరు బానీ టేలర్-బ్లేక్. వృత్తిరీత్యా నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్ర పరిశోధకురాలు, మాటల వేట ఆమెకు ఇష్టం కొద్దీ చేసే పని. 2012లో ఆమె కెంటకీ రాష్ట్రంలో వేట, చేపల వేట సంగతులతో వచ్చే ‘కెంటకీస్ హ్యాపీ హంటింగ్ గ్రౌండ్’ అనే పత్రికలో ఈ మాటను పట్టుకున్నారు. 1956 జూలై సంచికలో చేపల పోటీ గురించి చెప్పాల్సింది చెప్పేసి, ఇవీ మొత్తం తొమ్మిది గజాలు అని ముగించారు. 1957లోనూ మరోసారి వచ్చింది. ఒక్క అడుగుతో దారి ఇంకొన్నేళ్ళు వెనక్కి జరిగింది. అంతకంటే ముఖ్యం, మాట చిరునామా మారింది. విమానాశ్రయం నుంచి కెంటకీ పల్లెల చెరువు గట్టుకు వచ్చింది.

అదే ఏడాది యేల్ న్యాయకళాశాల గ్రంథాలయంలో పనిచేసే ఫ్రెడ్ షపీరో ఇంకో కాగితం తీశారు. ఆ కాగితం దగ్గర కాసేపు ఆగి చూడాలి. కెంటకీలోనే మౌంట్ వెర్నన్ అనే ఊరి ‘మౌంట్ వెర్నన్ సిగ్నల్’ పత్రిక, 1912 మే సంచిక. ఆ ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికలు. పదవిలో ఉన్న టాఫ్ట్, అంతకుముందు పదవి దిగిన థియడోర్ రూజ్‌వెల్ట్ ఇద్దరూ రిపబ్లికన్లే, ఒకప్పటి ప్రాణస్నేహితులే. పార్టీ టికెట్ కోసం ఒకరి మీద ఒకరు బురద చల్లుకుంటున్నారు. అవతలి పార్టీ అభిమాని ఒకరు ఆ గొడవ చూసి సంబరపడుతూ రాశారు. వీళ్ళిద్దరికీ చెడకపోతే రిపబ్లికన్ పార్టీలో ఇంత కుళ్ళు ఉందని మన డెమోక్రాట్లకు తెలిసేదే కాదు, కాస్త ఓపిక పట్టండి, వేడి ముదిరితే ఆరు గజాలూ వాళ్ళే చెప్పేస్తారు అని.

ఆరు గజాలు! తొమ్మిది కాదు. అర్థం మాత్రం చెక్కుచెదరలేదు. గుట్టంతా విప్పేస్తారు, ఒక్కటీ దాచరు అనే. ఆ రాతకు తొమ్మిదేళ్ళ తర్వాత, 1921లో, సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ పత్రికలో ఒక బేస్‌బాల్ వార్తకు పెట్టిన శీర్షికలోనూ ఆరు గజాలే ఉన్నాయి.

తూటాల పట్టీ, కాంక్రీటు డ్రమ్ము, ఓడ కొయ్యలు, అన్నిటినీ ఈ ఒక్క అంకె ఒకేసారి కూల్చేసింది. 27 అడుగుల పట్టీ నుంచి పుట్టిన మాటే అయితే అది 18 అడుగుల రూపంలో, విమానాల యుద్ధాలకు ముందే, కెంటకీ ఎన్నికల కబుర్లలో ఎలా తిరుగుతుంది? ఏ వస్తువునైనా సరిగ్గా కొలిచి పుట్టిన మాటలో కొలత ఇలా మారదు.

చీర కథకు మాత్రం ఇక్కడ ఒక చిత్రమైన బలం వచ్చినట్టు కనబడుతుంది. ఆరు, తొమ్మిది. మన చీరలు సరిగ్గా ఈ రెండు కొలతల్లోనే వస్తాయి కదా! ఈ పొంతన చూసి మురిసిపోకుండా ఉండడం తెలుగువారికి కష్టమే. అయినా మాట నడిచిన దారి చూస్తే చీర ఎక్కడా ఎదురుపడదు. తొలి ఆధారాలన్నీ అమెరికాలోవి. ఎక్కువగా ఒహైయో నదికి అటూ ఇటూ ఉన్న కెంటకీ, ఇండియానా చిన్న ఊళ్ళవి. రాసినవాళ్ళు ఊరి విలేఖరులు, ఎన్నికల అభిమానులు, చేపల వేట సరదా ఉన్నవాళ్ళు. చీర నుంచి పుట్టిన మాటయితే మద్రాసులోనో బొంబాయిలోనో అచ్చయిన ఇంగ్లిష్ పత్రికల్లో ముందు కనబడాలి, లండన్ మీదుగా పోవాలి. నడిచింది అందుకు ఎదురుదారి. మాట అమెరికా నుంచి మనకు వచ్చింది, వచ్చాక చీరను చుట్టుకుంది. ఇప్పుడు మన ఇంగ్లిష్ పత్రికల్లో చేనేత మీద వచ్చే వ్యాసాలకు ఈ మాట శీర్షికగా చక్కగా అమరుతోంది. అది మాటకు కొత్తగా దొరికిన అందం. పుట్టుమచ్చ కాదు.

2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఈ ఆరు గజాల వార్తను పెద్దగా వేసింది. అప్పుడు పండితులు చెప్పిన వివరణ చాలా నిండుగా ఉంది. మాట మొదట ఆరుతో మొదలై, కాలం గడిచేకొద్దీ ఉబ్బి తొమ్మిదయింది అన్నారు. ఇంగ్లిష్‌లో ఇలాంటిది లేకపోలేదు. పట్టరాని ఆనందంలో ఉన్నవాణ్ణి తొమ్మిదో మేఘం మీద ఉన్నాడంటారు. పాత కాగితాల్లో ఏడో మేఘం, ఎనిమిదో మేఘం కూడా ఉన్నాయి, చివరికి నిలిచింది తొమ్మిది. తొమ్మిది మీద ఇంగ్లిష్‌కు మొదట్నుంచీ మక్కువ. పిల్లికి తొమ్మిది ప్రాణాలు, వేళకు వేసిన ఒక్క కుట్టు తొమ్మిది కుట్లను ఆదా చేస్తుంది, బాగా ముస్తాబైనవాడు తొమ్మిదుల దాకా ముస్తాబైనట్టు.

ఆ వివరణ ఏడాదైనా నిలవలేదు. 2013లో మార్క్ ట్వేన్ రచనల పరిష్కరణలో పనిచేసిన రిచర్డ్ బుచ్చి, మిచెల్ ఊరి పత్రికను తిరగేసి రాస్కోను బయటకు తెచ్చారు. 1908లోనే తొమ్మిది ఉంది, ఆరు కంటే ముందే ఉంది. రాస్కోకు ఏడాది ముందు, 1907 మేలో, అదే పత్రికలో ఇంకొకటి కూడా దొరికింది. ఆ మధ్యాహ్నం రెండున్నరకు ఊరి బేస్‌బాల్ జట్టుకూ వ్యాపారస్తులకూ మధ్య ఆట. వ్యాపారస్తులు తట్టుకోగలిగినన్ని ఇన్నింగ్స్ ఆడతారు కానీ పూర్తి తొమ్మిది గజాలకు మేము హామీ ఇవ్వలేం అని రాశారు. బేస్‌బాల్ జట్టులో తొమ్మండుగురు, ఆటలో తొమ్మిది ఇన్నింగ్స్. రాసినవారు ఆ తొమ్మిదిని మనసులో పెట్టుకునే ఈ మాట వాడి ఉండవచ్చు. కానీ తొమ్మిది ఇన్నింగ్స్ అనాల్సిన చోట గజాలు ఎందుకు వచ్చాయి? ఆ ఊళ్ళో ఆ మాట అప్పటికే అందరి నోటా ఉంటే తప్ప ఆ వాక్యం చదివేవారికి తగలదు.

ఉబ్బిన అంకె కథ పోయి, ఒకే కాలంలో ఆరూ తొమ్మిదీ పక్కపక్కన తిరిగిన సంగతి మిగిలింది. కాగితం ముందు పండితుడైనా, మేస్త్రి అయినా ఒకటే. ఉబ్బడం అన్నది ఎంతో పొందికైన వివరణ. అయినా ఒక చిన్న ఊరి పత్రికలోని రెండు వాక్యాలు చాలు అన్నాయి, అది తలవంచింది. తప్పని తేలిన వెంటనే వదిలేసుకోవడం ఈ వేటలో ఉన్నవాళ్ళ గొప్ప గుణం. వాళ్ళంటే గౌరవం కలిగేది దొరికినప్పటి కంటే వదులుకున్నప్పుడే.

అంకె మారినా అర్థం మారలేదంటే, ఆ అంకె దేన్నీ కొలవడం లేదనే అనుకోవాలి. ఈ మాట పట్టుబడడానికి తెలుగు చెవి బాగా సాయపడుతుంది, ఎందుకంటే మన దగ్గర రెండు రకాల అంకెలూ ఉన్నాయి.

పదహారణాల తెలుగు అంటాం. అక్కడ పదహారు ఊరికే రాలేదు. రూపాయికి పదహారు అణాలు. ఒక్క అణా తగ్గినా అది రూపాయి కాదు. కనుక పదహారణాలంటే ఏ లోటూ లేని నిండుదనం. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి అణా లెక్క పోయింది. అణాను చేత్తో పట్టుకోని తరాలు కూడా ఆ మాట వాడుతున్నాయి. అయినా ఎవరైనా అడిగితే చెప్పడానికి లెక్క సిద్ధంగా ఉంది. ఆ పదహారును పదమూడు చేస్తే మాట చచ్చిపోతుంది.

ఇక లక్షా తొంభై పనులున్నాయి అంటాం. ఆ తొంభై ఎక్కడిది? లక్షతో సరిపోయేదానికి తొంభై ఎందుకు చేరింది? ఇంట్లో ఆ మాట రోజూ వినబడుతుంది, అడిగినవాళ్ళు లేరు. సవాలక్ష సందేహాలంటే లక్షా పాతికవేలు లెక్కపెట్టి చెప్పడం లేదు. ఆరు నూరైనా నూరు ఆరైనా అని పంతం పట్టినప్పుడు ఆరు దేనిదో, నూరు దేనిదో ఎవరికీ పట్టదు. మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లమని దీవిస్తే, మూడు పువ్వులకు ఆరు కాయలెలా వస్తాయని ఏ పిల్లవాడూ ఎదురడగడు. ఈ అంకెలు కొలతలు కావు, నాలుక మీద పడే తాళం. వాటికి వస్తువును వెతకడమంటే తాళానికి బరువు తూచడమే.

తొమ్మిది గజాలు ఈ రెండో జాతివే. ఇంగ్లిష్ వాళ్ళు దాన్ని పదహారణాల జాతి అనుకుని యాభై ఏళ్ళు నాణెం కోసం వెతికారు.

అంకె తాళమే అయినా గజం అలా కాదని గట్టిగా అనిపిస్తుంది. తొలి ఆధారాలను మళ్ళీ చూడండి. రాస్కో కథ చెబుతాడు. టాఫ్ట్, రూజ్‌వెల్ట్ గుట్టు చెబుతారు. చేపల పోటీ వివరాలు చెప్పి ముగిస్తారు. నివేదిక చెబుతారు. ఎక్కువచోట్ల ఉన్నది చెప్పడమే. కొనడం, కట్టడం, కాల్చడం కాదు. ఇంగ్లిష్‌లో సాగదీసిన కథలనూ, అంతులేని పద్యాలనూ గజాల లెక్కన వచ్చాయనడం పాత అలవాటు. మాటను గుడ్డలా పరిచి కొలవడం అన్నమాట. మన దగ్గర ఆ పని చాంతాడు చేస్తుంది. ఉత్తరం కొండవీటి చాంతాడంత ఉందంటాం. కొండ మీది లోతైన బావికి వేసే తాడు ఎంత పొడవుంటుందో ఊహించుకోవాలి. రాళ్ళబావికి తాడు వేసిన ఊరు తాడుతో కొలిచింది, బట్టల కొట్టులో తానులు పరిపించుకున్న ఊరు గజంతో కొలిచింది. పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేలికొస దాకా మాల పెట్టి మూర తెంపినట్టే, అమెరికా చిన్న ఊళ్ళలో కొట్టువాడు బల్ల మీద గుడ్డ పరిచి గజం తర్వాత గజం లాగేవాడు. తాను విప్పడం, కథ విప్పడం రెండూ అంతా చూసిన దృశ్యమే.

గుడ్డ అనగానే ఇంకో పాత కాగితం గుర్తుకు రావాలి. 1855 జనవరి, ఇండియానాలోనే, ఒహైయో నది ఒడ్డున ఉన్న న్యూ ఆల్బనీ అనే ఊరు. అక్కడి దినపత్రికలో ‘జడ్జిగారి పెద్ద చొక్కా’ అనే హాస్యకథ వచ్చింది. మూడు చొక్కాలకు సరిపడా గుడ్డ తీసుకోమని పురమాయిస్తే, మూడు కుట్టాల్సింది పోయి మొత్తం తొమ్మిది గజాలూ పెట్టి ఒకే ఒక్క చొక్కా కుట్టారట. తల, చేతులు ఎక్కడున్నాయో తెలియని ఆ చొక్కాలో జడ్జిగారిని ఊహించుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ‘ద హోల్ నైన్ యార్డ్స్’ అనే నాలుగు మాటలూ ఆ వరుసలోనే అచ్చయి ఉన్నాయి. కథ ఒక పత్రిక నుంచి ఇంకో పత్రికకు పాకింది కూడా.

నుడికారం ఇక్కడే పుట్టిందని తేల్చేసేవాళ్ళున్నారు. తొందరపడకూడదు. ఆ చొక్కాలో తొమ్మిది గజాలంటే నిజంగా తొమ్మిది గజాలే. గుడ్డ ఉంది, కొలత ఉంది, మూడు మూళ్ళు తొమ్మిది లెక్క సరిపోయింది. అంతా, మొత్తం అనే అర్థం ఇంకా పుట్టలేదు. జడ్జి చొక్కా నుంచి మిచెల్ బేస్‌బాల్ ఆట దాకా మధ్యలో 52 ఏళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆ కథ వల్లే మాట పుట్టి ఉంటే ఆ మధ్యకాలంలో ఎక్కడో ఒకచోట, సగం గుడ్డగా సగం మాటగా, అది కనబడాలి. ఇంతవరకు కనబడలేదు. అయితే ఊరికీ ఊరికీ మరీ దూరం లేదు, రాష్ట్రం ఒకటే. ఆ దగ్గరతనాన్ని పూర్తిగా తోసిపుచ్చడమూ కుదరదు.

వెతికే పనిముట్లు మాత్రం ముప్పై ఏళ్ళ కిందటివి కావు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత పత్రికలను స్కాన్ చేసి ‘క్రానిక్లింగ్ అమెరికా’ పేరుతో 2007 నుంచి ఉచితంగా అందరి ముందూ పెట్టింది, డబ్బు కట్టి చూసే భాండాగారాలూ పెరిగాయి. పెట్టెలో మూడు మాటలు కొడితే లక్షల పేజీలు కదులుతాయి. అయినా చిక్కులున్నాయి. సిరా అలికిన చోట యంత్రం ‘యార్డ్స్’ను ఇంకేదో చదువుకుంటుంది. మాట వరుస చివర తెగి రెండు ముక్కలైతే వెతుకులాటకు చిక్కదు. తొమ్మిదో ఆరో అనుకుని వెతికితే, మూడు గజాలనో పన్నెండు గజాలనో ఎవరైనా రాసి ఉంటే అది పక్కనుంచే జారిపోతుంది. 2012 దాకా ఆరు ఎవరికీ తట్టకపోవడానికి కారణం అదే, తొమ్మిదినే అడుగుతూ వచ్చారు.

ఒహైయో నదికి రెండు వైపులా ఉన్న ఊళ్ళలో వారానికోసారి అచ్చయిన పత్రికలు కొన్ని ఇంకా మైక్రోఫిల్మ్ చుట్టల్లో, కొన్ని స్థానిక గ్రంథాలయాల అరల్లో కాగితంగానే ఉన్నాయి. 1855కూ 1907కూ మధ్య ఉన్న ఆ 52 ఏళ్ళు అక్కడే ఎక్కడో ఉన్నాయి.